పడమటి దేశాల్లో బౌద్ధ సాధన: ఏ సంఘంతో కూర్చోవాలి?

చదువు కోసమో ఉద్యోగం కోసమో అమెరికాకో ఇంగ్లండుకో వెళ్లి, అక్కడ బౌద్ధ సాధన మొదలుపెట్టాలనుకునే తెలుగువారికి తొలి ఇబ్బంది కేంద్రాలు దొరకకపోవడం కాదు, ఎక్కువగా దొరకడం. ఒక మోస్తరు పెద్ద నగరంలోనే కాషాయం కట్టిన థాయి భిక్షువుల విహారం, నల్లటి అంగీలు వేసుకున్న గృహస్థ పూజారులు నడిపే జెన్ కేంద్రం, టిబెటన్ గురువు చిత్రపటం ముందు దీపాలు వెలిగే మందిరం, బుద్ధుడి పేరు కూడా పలకకుండా శ్వాస మీద ధ్యాస నేర్పే ఆసుపత్రి తరగతి పక్కపక్కనే ఉంటాయి. వీటిలో అసలైన బౌద్ధం ఏదని అడగడం సహజమే కానీ, ఎంచుకోవడానికి ఆ ప్రశ్న పెద్దగా సాయపడదు. ఆసియాలో సంఘాన్ని నిలబెట్టిన పాత ఒడంబడికలో ఈ కేంద్రం దేన్ని నిలుపుకుంది, దేన్ని వదిలేసింది, వదిలేసిన చోట ఏం పెట్టింది అని అడిగితే దారి త్వరగా కనిపిస్తుంది.

ఆ ఒడంబడిక మనకు కొత్తది కాదు. భిక్షువు పాత్ర పట్టుకుని గడప ముందు నిలబడతాడు, గృహస్థు అన్నం పెడతాడు, భిక్షువు ధర్మం చెబుతాడు. మూడో శతాబ్దంలో బోధిశ్రీ అనే ఉపాసిక నాగార్జునకొండలో సింహళ ఆచార్యుల కోసం చైత్యగృహం కట్టించినట్టు అక్కడి శాసనం చెబుతోంది. రాజవంశపు స్త్రీలు, ఆమెవంటి గృహిణులు ఇచ్చిన దానాల మీదే కృష్ణా తీరపు ఆరామాలు బతికాయి. ఈ ఏర్పాటుకు ఒక ఊరు కావాలి, వీధి కావాలి, పొద్దున్నే వంట చేసే ఇళ్లు కావాలి. అందరూ ఎనిమిదింటికి కారెక్కి వెళ్లిపోయే శివారు కాలనీలో ఈ మూడూ ఉండవు. అందుకే పడమటి దేశాలకు వెళ్లిన ప్రతి బౌద్ధ శాఖా ఈ ఒడంబడికను ఏదో ఒక విధంగా తిరగరాసుకోవలసి వచ్చింది.

## ముందుగా తేల్చుకోవలసినవి

మొదటిది కాలం. పదిరోజుల శిబిరానికి సెలవు దొరకడం వేరు, ప్రతి మంగళవారం సాయంత్రం గంటన్నర కేటాయించడం వేరు. చాలామంది మొదటిదాన్ని గొప్పగా భావించి రెండోదాన్ని చిన్నచూపు చూస్తారు. నా అభిప్రాయంలో వారం వారం జరిగేదే మనిషిని మారుస్తుంది, శిబిరం దాన్ని లోతు చేస్తుంది.

రెండోది డబ్బు. కొన్ని కేంద్రాలు పూర్తిగా దానం మీద నడుస్తాయి, కొన్ని బసకూ భోజనానికీ రుసుము తీసుకుని బోధకుడికి మాత్రం దానం అడుగుతాయి, కొన్ని కోర్సు రుసుము వసూలు చేస్తాయి. రుసుము తీసుకోవడం తప్పు కాదు, కానీ దాన్ని చెల్లించలేనివాళ్లకు ఏ దారి ఉంచారో చూడాలి.

మూడోది గురువు జవాబుదారీతనం, నేను అన్నిటికంటే ఎక్కువ బరువు పెట్టేది దీనికే. ఆసియా గ్రామంలో భిక్షువు ప్రవర్తన ఊరందరి కళ్ల ముందు ఉంటుంది, తప్పు చేస్తే భిక్ష ఆగిపోతుంది. ఆ నిఘా లేని చోట గురువు అధికారం మాత్రం అలాగే దిగుమతి అయినప్పుడు నష్టం జరిగింది. 1983లో శాన్ ఫ్రాన్సిస్కో జెన్ సెంటర్ అధిపతి రిచర్డ్ బేకర్ ప్రవర్తనపై సంక్షోభం చెలరేగి ఆయన పదవి వదులుకోవలసి వచ్చింది. 2018లో లైంగిక దుష్ప్రవర్తన ఆరోపణల నడుమ టిబెటన్ బౌద్ధ సంస్థ అయిన శంభల అధిపతి సాక్యోంగ్ మిఫామ్ బాధ్యతల నుంచి పక్కకు తప్పుకున్నారు. శాఖ ఏదైనా, ఫిర్యాదు ఎవరికి ఇవ్వాలో రాతపూర్వకంగా ఉందా అని అడిగే హక్కు కొత్తగా వచ్చినవారికీ ఉంది.

నాలుగోది తోడు: పక్కన కూర్చునేవాళ్లు ఎవరు, పిల్లల్ని తీసుకెళ్లవచ్చా, ఇంట్లో చావు జరిగితే ఎవరైనా తలుపు తడతారా. ‘సంఘం శరణం గచ్ఛామి’ అని నోటితో అనడం తేలికే, పరాయి దేశంలో ఆ మూడో శరణమే అన్నిటికంటే అరుదుగా దొరుకుతుంది.

## వలస వచ్చినవారి ఆలయాలు

పాశ్చాత్య బౌద్ధం గురించి మాట్లాడేటప్పుడు ఈ ఆలయాలను దాటవేయడం అలవాటైపోయింది. అది అన్యాయం. ధ్యాన కేంద్రాలు పుట్టడానికి అర్ధ శతాబ్దం ముందే ఇవి అక్కడ ఉన్నాయి. శ్రీలంక బౌద్ధ ప్రచారకుడు అనగారిక ధర్మపాల స్థాపించిన లండన్ బుద్ధిస్ట్ విహార 1926 నాటిది. జపాన్‌కు చెందిన జోదో షిన్షూ శాఖ బోధకులు ఇద్దరు 1899లోనే శాన్ ఫ్రాన్సిస్కోలో దిగారు.

ఈ జోదో షిన్షూ వారి కథ కొంచెం వివరంగా తెలుసుకోవాలి, ఎందుకంటే సర్దుబాటు అనే మాటకు వాళ్లు చెల్లించినంత మూల్యం మరెవరూ చెల్లించలేదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా ప్రభుత్వం సుమారు 1,20,000 మంది జపాన్ సంతతివారిని నిర్బంధ శిబిరాల్లో పెట్టింది. బౌద్ధ బోధకులను ముందుగా అనుమానించి పట్టుకెళ్లింది. యూటాలోని టోపాజ్ శిబిరంలో, 1944లో, ఈ సంస్థ తన పేరును ‘బుద్ధిస్ట్ చర్చెస్ ఆఫ్ అమెరికా’గా మార్చుకుంది. అప్పటికే వాళ్ల ఆలయాల్లో ఆదివారం సభలు, వరుస బల్లలు, వాద్యం మీద పాడే కీర్తనలు, పిల్లల ధర్మ పాఠశాల ఏర్పడుతూ వచ్చాయి. ఈ ఆలయాల్లోకి మొదటిసారి అడుగుపెట్టిన భారతీయుడికి ఇదేదో క్రైస్తవ ప్రార్థనలా ఉందే అనిపించవచ్చు. ఆ రూపం వెనుక ‘మేమూ ఈ దేశస్థులమే’ అని రుజువు చేసుకోక తప్పని భయం ఉందని తెలిస్తే చూపు మారుతుంది. పైగా, ఆదివారం ఉదయం కుటుంబం మొత్తం కలిసి వెళ్లగలిగే బౌద్ధ స్థలం కావాలంటే ఇంతకంటే మెరుగైనది అమెరికాలో దొరకడం కష్టం.

ఇక్కడ తగ్గేది ధ్యానం. జోదో షిన్షూలో అమితాభ బుద్ధుడి నామమే, అంటే ‘నము అమిదా బుత్సు’ అనే స్మరణే ప్రధానం, స్వశక్తితో చేసే సాధన మీద నమ్మకం పెట్టవద్దని వారి బోధ. నామ సంకీర్తన విని పెరిగిన తెలుగువారికి ఇది దగ్గరగా తోచవచ్చు, కళ్లు మూసుకుని కూర్చోవడమే బౌద్ధం అనుకుని వచ్చినవారికి నిరాశ కలగవచ్చు. సింహళ, థాయి, బర్మా, వియత్నాం ఆలయాల్లో అడ్డొచ్చేది భాష. ప్రసంగం మీకు అర్థం కాకపోవచ్చు, కానీ భోజనం మాత్రం తప్పకుండా పెడతారు. పూర్ణిమనాడు తెల్లబట్టలు కట్టుకుని వచ్చిన సింహళ అమ్మమ్మల పక్కన కూర్చుని పాలిలో పంచశీల చెబుతుంటే, ఆ పదాల్లో సగం తెలుగు చెవికి ముందే తెలిసినట్టుంటాయి.

## అరణ్య సంప్రదాయపు ఆరామాలు

అడవిలో ఉంటూ నియమాలను కఠినంగా పాటించే థాయి భిక్షువుల సంప్రదాయం ఇది. పాత ఒడంబడికను దాదాపు ఏమీ మార్చకుండా దిగుమతి చేసిన సాహసం వీళ్లది. థాయి ఆచార్యుడు అజాన్ చా 1977లో లండన్ వచ్చి, సియాటిల్‌లో పుట్టిన తన శిష్యుడు అజాన్ సుమేధోను అక్కడే ఉంచి వెళ్లారు. నగరంలో భిక్ష పెట్టేవారు లేకపోయినా భిక్షువులు పొద్దున్నే పాత్రలు పట్టుకుని హాంప్‌స్టెడ్ హీత్‌లో నడిచేవారు. అలా నడుస్తుండగా పరుగుకు వచ్చిన ఒకాయన ఆగి పలకరించాడు, కొంతకాలానికి తన అధీనంలోని అడవినే వాళ్లకు దానం చేశాడు. దాని పక్కన 1979లో చిట్‌హర్స్ట్ ఆరామం మొదలైంది. 1984లో హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లో రెండోది వచ్చింది, పేరు అమరావతి. మరణం లేని చోటు అనే అర్థంలో ఆ పేరు పెట్టుకున్నారు. అక్కడికి గంటన్నర ప్రయాణంలో, బ్రిటిష్ మ్యూజియం గదుల్లో, మన అమరావతి మహాస్తూపం నుంచి తరలిపోయిన పలకలు ఉన్నాయి. ఇంగ్లండులోని తెలుగువాళ్లు ఒకే రోజున రెండు అమరావతులనూ చూడగలరు, చూడాలని నేను గట్టిగా చెబుతాను. అమెరికాలో ఈ పరంపరకు 1996లో కాలిఫోర్నియా ఉత్తరాన అభయగిరి ఏర్పడింది. అందుకు నేల ఇచ్చింది మహాయానానికి చెందిన చైనా ఆచార్యుడు షువాన్ హువా సంస్థ కావడం విశేషం.

ఇక్కడి భిక్షువులు డబ్బు ముట్టరు, నేల తవ్వరు, రేపటికని అన్నం దాచుకోరు, మధ్యాహ్నం దాటాక భోజనం చేయరు. అంటే వాళ్లు పూర్తిగా మీ మీద ఆధారపడతారు. మీరు ఇంట్లో చేసిన పులిహోరైనా పప్పన్నమైనా పదకొండు గంటలలోపు తీసుకెళ్లి చేతులతో అందించవచ్చు. బసకు రుసుము లేదు, అష్టశీల (ఎనిమిది నియమాలు) పాటిస్తూ కొన్నాళ్లు ఉండవచ్చు. గురువు కూడా రెండువందలకు పైగా ఉన్న వినయ నియమాలకు, అంటే భిక్షువుల ప్రవర్తనా నియమాలకు లోబడి ఉండటం వల్ల జవాబుదారీతనం ఇక్కడ మాటల్లో కాక దినచర్యలోనే కనిపిస్తుంది.

దీనికీ ఒక కొరత ఉంది. అది స్త్రీల స్థానం. ఇంగ్లండులోని ఈ పరంపరలో సన్యసించిన స్త్రీలకు శీలధర అనే దశశీల దీక్ష మాత్రమే ఏర్పాటు చేశారు, పూర్తి భిక్షుణీ దీక్ష లేదు. 2009లో ఆస్ట్రేలియాలోని పెర్త్ దగ్గర అజాన్ బ్రహ్మ్ భిక్షుణీ దీక్షకు చేయూతనిచ్చినందుకు థాయిలాండ్‌లోని మూల ఆరామం ఆయన్ను తమ పరంపర నుంచి వేరుచేసింది. నియమాన్ని మార్చకుండా కాపాడటం ఒక శక్తే, ఆ కాపాడటమే సగం మందికి తలుపు మూసేటప్పుడు దాన్ని శక్తి అని మాత్రమే పిలవలేం. బోధిశ్రీ శాసనం ఉన్న నేల నుంచి వెళ్లిన స్త్రీ పాఠకులు ఈ విషయాన్ని ముందే తెలుసుకుని వెళ్లడం మంచిది.

## జెన్ కేంద్రాలు

జెన్ పడమటికి ప్రధానంగా జపాన్ నుంచి వచ్చిన ధ్యాన శాఖ. జపాన్‌లో పూజారుల పెళ్లికి అనుమతిచ్చిన 1872 నాటి ప్రభుత్వ ఉత్తర్వు తర్వాత అది సాధారణమైంది కాబట్టి, గృహస్థుడికీ పూజారికీ మధ్య గీత అక్కడే పలచబడింది. జపాన్ జెన్ గురువు షున్‌ర్యూ సుజుకీ చుట్టూ 1962లో ఏర్పడిన శాన్ ఫ్రాన్సిస్కో జెన్ సెంటర్ ఆ గీతను ఇంకా చెరిపింది. 1967లో టస్సహారా కొండల్లో శిక్షణా మఠం, తర్వాత గ్రీన్ గల్చ్ పొలం, 1979లో గ్రీన్స్ అనే శాకాహార భోజనశాల వచ్చాయి. భిక్షాటన స్థానంలో శ్రమ వచ్చిందన్నమాట. కూరగాయలు తరగడం, నేల ఊడ్చడం కూడా సాధనే అనే మాట అక్కడ అలంకారం కాదు, సంస్థ ఆదాయం కూడా కొంతవరకు దాని మీదే నడిచింది. 1983 సంక్షోభం తర్వాత అధిపతిని నియమిత కాలానికి ఎన్నుకునే పద్ధతి, ఫిర్యాదుల విధానం ఏర్పడ్డాయి. గాయపడి నేర్చుకున్న సంస్థను, ఎప్పుడూ గాయపడలేదని చెప్పుకునే సంస్థకంటే నేను ఎక్కువగా నమ్ముతాను.

పొద్దున్నే గోడవైపు తిరిగి నలభై నిమిషాలు మౌనంగా కూర్చోవడం, తక్కువ వివరణ, ఎక్కువ క్రమశిక్షణ: ఇది ఇష్టమైనవారికి జెన్ సరిపోతుంది. ఎలా కూర్చోవాలో, ఏం జరుగుతుందో ఎవరైనా విడమరచి చెప్పాలనుకునేవారు మొదటి నెలలోనే విసుగు చెందుతారు.

## శిబిరాల మార్గం: గోయెంకా, ఇన్‌సైట్

తెలుగువారిలో ఎక్కువమందికి పరిచయమున్నది ఇదే. బర్మా ప్రభుత్వంలో అకౌంటెంట్ జనరల్‌గా పనిచేసిన గృహస్థుడు ఊ బా ఖిన్ దగ్గర నేర్చుకున్న ఎస్.ఎన్. గోయెంకా 1969లో భారతదేశానికి వచ్చి విపస్సన శిబిరాలు ప్రారంభించారు. హైదరాబాదు శివార్లలో నాగార్జునసాగర్ దారిలో ఉన్న ధమ్మఖేత్త ఆ పరంపరలోని తొలి కేంద్రాల్లో ఒకటి. 1982లో మసాచుసెట్స్‌లోని షెల్‌బర్న్ ఫాల్స్‌లో ధమ్మధరా ఏర్పడింది. హైదరాబాదులో కూర్చున్న పదిరోజుల శిబిరమే, అవే ఆడియో ప్రసంగాలతో, అదే ఉదయం నాలుగింటి గంటతో అక్కడా జరుగుతుంది. రుసుము లేదు, శిబిరం పూర్తిచేసినవారి దానమే తీసుకుంటారు. ఇక్కడ అన్నం పెట్టే పాత గృహస్థు స్థానంలో పాత విద్యార్థి నిలబడి వంటగదిలో సేవ చేస్తాడు.

మసాచుసెట్స్‌లోని బారీ పట్టణంలో 1976లో తలుపులు తెరిచిన ఇన్‌సైట్ మెడిటేషన్ సొసైటీది వేరే స్వభావం. జోసెఫ్ గోల్డ్‌స్టీన్, షారన్ సాల్జ్‌బర్గ్, జాక్ కార్న్‌ఫీల్డ్ ముగ్గురూ ఆసియాలో నేర్చుకుని వచ్చి దాన్ని స్థాపించారు. అక్కడ బోధకులు ఒకరు కాదు పలువురు, విపస్సనతో పాటు మైత్రీ భావన కూడా నేర్పుతారు, బసకు రుసుము ఉంటుంది.

రెండింటి కొరతా ఒకటే: పదకొండో రోజు ఉదయం మీరు కారెక్కాక ఎవరున్నారు? గోయెంకా పరంపరలో సామూహిక సాధన, ఒకరోజు శిబిరాలు ఉన్నాయి, కానీ అవి మౌనంగా కూర్చుని లేచిపోయేవి, స్నేహానికి అంతగా చోటివ్వవు. పైగా ఇతర ధ్యాన పద్ధతులతో కలపవద్దనే నియమం ఉంది. ఇన్‌సైట్ పరంపరలో వారపు బృందాలు ఊరూరా ఉన్నా, వాటి నాణ్యత ఊరిని బట్టి మారుతుంది. మరొక హెచ్చరిక: తీవ్రమైన మానసిక అనారోగ్యం ఉన్నవారికి, ఇటీవలే పెద్ద ఆఘాతానికి గురైనవారికి రోజుకు పది గంటల మౌన ధ్యానం సరైన ప్రారంభం కాదు. దరఖాస్తులో ఆరోగ్య వివరాలు అడిగినప్పుడు దాచకండి.

## ప్లమ్ విలేజ్, త్రిరత్న

వియత్నాం భిక్షువు తిచ్ న్యాట్ హాన్ 1982లో ఫ్రాన్స్ నైరుతి ప్రాంతంలో స్థాపించిన ప్లమ్ విలేజ్ సన్యాసులనూ గృహస్థులనూ ఒకే ఆవరణలోకి తెచ్చింది. గంట మోగితే చేస్తున్న పని ఆపి మూడు శ్వాసలు గమనిస్తారు. వేసవి శిబిరాలకు పిల్లలు కూడా వస్తారు, గులకరాళ్లతో ధ్యానం నేర్చుకుంటారు. పంచశీలను ఈ కాలపు భాషలో తిరగరాసి, ఏం తింటున్నాం, ఏం చూస్తున్నాం అనేవాటిని కూడా శీలంలో చేర్చారు. ఆయన 2022 జనవరిలో కన్నుమూసినా, ఇళ్లలో కలుసుకునే చిన్న బృందాలు కొనసాగుతున్నాయి. మెత్తదనం దీని బలం. సూత్రాల లోతైన అధ్యయనం కోరుకునేవారు పక్కన మరేదైనా చదువుకోవలసి ఉంటుంది.

1967లో లండన్‌లో ఇంగ్లండుకు చెందిన భిక్షువు సంఘరక్షిత ప్రారంభించిన త్రిరత్న సంస్థ భిక్షువు, గృహస్థు అనే విభజననే తీసివేసింది. దీక్ష ఒకటే, జీవన విధానం ఎవరిది వారిది. కలిసి నివసించడం, కలిసి పనిచేయడం, స్నేహాన్ని సాధనగా భావించడం వారి ప్రత్యేకత. అంబేడ్కర్ మార్గంలో బౌద్ధాన్ని చేరుకున్నవారికి దీనితో నిజమైన చారిత్రక బంధం ఉంది: 1956 డిసెంబరు 6న బాబాసాహెబ్ కన్నుమూసిన రోజున సంఘరక్షిత నాగపూర్‌లో ఉండి, దుఃఖంలో ఉన్న నవ బౌద్ధుల సభలో మాట్లాడారు. ఆ తర్వాత ఏళ్ల తరబడి వారి మధ్య పనిచేశారు. అదే మనిషి మీద శిష్యులతో లైంగిక సంబంధాల విషయంలో తీవ్ర విమర్శలు వచ్చాయి, 2016 డిసెంబరులో ఆయన బహిరంగంగా క్షమాపణ కోరారు. ఈ రెండు సంగతులూ తెలిసిన తర్వాతే లోపలికి వెళ్లాలి. ఆ విషయం అడిగినప్పుడు స్థానిక కేంద్రం ఎలా జవాబు చెబుతుందో చూస్తే దాని స్వభావం తెలుస్తుంది.

టిబెటన్ కేంద్రాల గురించి ఇక్కడ క్లుప్తంగానే చెబుతాను. 1967లో స్కాట్లాండ్‌లో మొదలైన సామ్యే లింగ్ వంటి చోట్ల కర్మకాండ, దర్శనశాస్త్రం, కళ అన్నీ సంపన్నంగా ఉంటాయి. నాగార్జునుడి మాధ్యమిక (శూన్యవాద) తర్కాన్ని నేటికీ పాఠంగా చెప్పేది ప్రధానంగా వీళ్లే. అయితే వారి తాంత్రిక మార్గమైన వజ్రయాన దీక్షలో గురువుకు చేసే సమర్పణ గట్టిది. ఆ మెట్టు ఎక్కేముందు కొన్నేళ్లపాటు గురువును పరీక్షించమని వారి గ్రంథాలే చెబుతాయి, ఆ మాటను అక్షరాలా పాటించండి.

## ఆసుపత్రి తరగతి

1979లో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కేంద్రంలో జాన్ కబాట్-జిన్ ప్రారంభించిన ఎనిమిది వారాల కార్యక్రమం దీర్ఘకాలిక నొప్పితో, ఒత్తిడితో బాధపడేవారి కోసం పుట్టింది. శరణాలు, శీలం, సంఘం అన్నీ తీసివేసి ధ్యాసను మాత్రమే ఉంచారు. రోజుకు ముప్పావుగంట ఇంటి సాధన అడుగుతారు. మతం మార్చుకున్నామనే మాట పడకుండా, డాక్టరు సలహాతో మొదలుపెట్టాలనుకునేవారికి ఇది గౌరవనీయమైన ద్వారం. ఎనిమిదో వారం తర్వాత మాత్రం ఇల్లు మీరే వెతుక్కోవాలి.

| మార్గం | నిలుపుకున్నది | వదులుకున్నది | ఖర్చు | ఎక్కువగా నప్పేది |
|---|---|---|---|---|
| వలస ఆలయాలు | కుటుంబం, పండుగలు, దానం | చాలాచోట్ల ధ్యాన శిక్షణ | దానం | పిల్లలున్న ఇళ్లు |
| అరణ్య ఆరామాలు | వినయ నియమాలు, భిక్ష | స్త్రీలకు సమాన దీక్ష | దానం | శీలం ముఖ్యమనుకునేవారు |
| జెన్ | దినచర్య, శ్రమ, మౌనం | బ్రహ్మచర్య సన్యాసం | సభ్యత్వం, రుసుము | క్రమశిక్షణ కోరేవారు |
| గోయెంకా శిబిరాలు | దానం, శీలం, ఏకాగ్ర సాధన | ఊరి సంఘం | దానం | పది రోజులు తీరిక ఉన్నవారు |
| ఇన్‌సైట్ | విపస్సన, మైత్రి | భిక్షు సంఘం | రుసుము, దానం | ప్రశ్నలు అడిగేవారు |
| ప్లమ్ విలేజ్ | సన్యాసులు, గృహస్థుల కలయిక | పాత శీలాల పదజాలం | శిబిరానికి రుసుము | కుటుంబాలు, కొత్తవారు |
| త్రిరత్న | శరణాలు, స్నేహం | భిక్షు, గృహస్థ భేదం | దానం, రుసుము | అంబేడ్కర్‌ వాదులు, యువత |
| ఆసుపత్రి తరగతి | ధ్యాస | మిగిలినవన్నీ | రుసుము | నొప్పి, ఒత్తిడి ఉన్నవారు |

## మీ పరిస్థితిని బట్టి

ఒంటరిగా ఉంటున్న విద్యార్థికి శిబిరంకంటే వారపు బృందం ముందు అవసరం. విశ్వవిద్యాలయానికి దగ్గరలో ఉన్న ఇన్‌సైట్ బృందమో జెన్ కేంద్రమో చాలు, శాఖ గురించి తర్వాత ఆలోచించవచ్చు. చిన్నపిల్లల తల్లిదండ్రులు మౌన శిబిరానికి ఒకరి తర్వాత ఒకరు వెళ్లి, ఇంట్లో మిగిలినవారి మీద భారం మోపడంకంటే, అందరూ కలిసి వెళ్లగలిగే వలస ఆలయాన్నో, ప్లమ్ విలేజ్ బృందాన్నో ఎంచుకోవడం మేలు. భార్యాభర్తల్లో ఒకరికి మాత్రమే ఆసక్తి ఉన్నప్పుడు ఇది మరీ ముఖ్యం.

ఇంట్లో వెంకటేశ్వరుడి పటం ఉంది కదా, ఇది కుదురుతుందా అని అడిగేవారు చాలామంది ఉంటారు. గోయెంకా శిబిరాల్లో పది రోజులపాటు పూజ, జపం పక్కన పెట్టమంటారు, ఇంటికి వచ్చాక ఏం చేయాలో చెప్పరు. మీ విశ్వాసం మార్చుకోమని ఇన్‌సైట్, ప్లమ్ విలేజ్ కూడా అడగవు. కానీ హిందూ దేవతలను పూజించనని చెప్పే, అంబేడ్కర్ ఇచ్చిన 22 ప్రతిజ్ఞలతో బౌద్ధాన్ని స్వీకరించినవారికి ఇది వ్యక్తిగత సౌకర్యానికి సంబంధించిన విషయం కాదు. కులం ప్రస్తావన వచ్చినప్పుడు తెలియనట్టు ముఖం తిప్పుకునే ధ్యాన బృందంలో వాళ్లకు శాంతి దొరకదు. అలాంటివారు ఎంత దూరమైనా అంబేడ్కరైట్ సంఘాలతో బంధం ఉంచుకుని, రోజువారీ సాధనకు మాత్రం దగ్గరి కేంద్రానికి వెళ్లడం సరైన ఏర్పాటు.

కేంద్రాలు దూరంగా ఉన్న చిన్న ఊళ్లవారికి తెర మీద జరిగే సాధన ఇప్పుడు అందుబాటులో ఉంది. దాన్ని తీసిపారేయను, కానీ ఏడాదికి రెండుసార్లయినా ఆ మనుషులను నేరుగా కలవాలి.

ఎంచుకున్న తర్వాత మూడు నెలలు వెళ్లి చూడండి, ఈలోగా దీక్ష తీసుకోవద్దు, పెద్ద మొత్తం ఇవ్వవద్దు. ఆ కాలంలో నాలుగు ప్రశ్నలు అడగండి. గురువు మీద ఫిర్యాదు ఉంటే ఎవరు వింటారు? లెక్కలు సభ్యులకు చూపిస్తారా? ఇక్కడి నుంచి వెళ్లిపోయినవారి గురించి ఎలా మాట్లాడతారు? నేను రెండు వారాలు రాకపోతే ఎవరైనా ఫోను చేస్తారా? చివరి ప్రశ్నకు జవాబు అడగకుండానే తెలుసుకోవచ్చు, రెండు వారాలు వెళ్లకుండా ఉంటే చాలు.